రెండు ముక్కల కీబోర్డు

రండి, రండి, ఇటు దగ్గరికి జరగండి. నిలబడ్డవాళ్ళు కూర్చోండి, కూర్చున్నవాళ్ళు మాటలు ఆపండి. ఆ మూల ఫోన్లో క్రికెట్ చూస్తున్న పెద్దాయనా, ఆ బ్యాట్స్‌మన్ ఎలాగూ ఔటవుతాడు, ఫోను జేబులో పెట్టండి. టీ చల్లారితే మళ్ళీ కాచుకోవచ్చు. కథ చల్లారితే కుక్క కూడా ముట్టదు.

కొండాపూర్ దాటాక ఒక అద్దాల మేడ ఉంది. ఎంత ఎత్తంటే, పై అంతస్తులవాళ్ళు వాన పడుతోందో లేదో కిందికి వంగి చూసి చెబుతారు. అందులో ఏడో అంతస్తులో ఏసీ ఎంత చల్లనంటే, ఒకతను తుమ్మితే ఆ తుమ్ము గడ్డకట్టి కిందపడి గచ్చు మీద టైలు పగిలింది. తుమ్ముతుంటే నేను చూడలేదు. టైలు మాత్రం పగిలే ఉంది.

ఆ అంతస్తులోనే ఆమని పనిచేసేది. స్క్రీన్‌కి ఎడమ పక్క ఆసుపత్రి బిల్లు బొమ్మ వస్తుంది. దాన్ని చూసి కుడి పక్క గడుల్లో కొట్టాలి. ముందు బిల్లు నంబరు, తర్వాత రోగి పేరు, తేదీ, జబ్బు కోడు. ఒకటి కాగానే ఇంకొకటి. ఎదురుగా గోడకి పెద్ద టీవీ. అందులో సీరియల్ రాదు, అక్షరాల వరసలో ముప్ఫైమంది పేర్లు వస్తాయి, పేరు పక్కన గంటకి ఎన్ని బిల్లులు కొట్టారో వస్తుంది. బాగా కొడితే పేరు పచ్చగా ఉంటుంది. తగ్గితే పసుపు, ఇంకా తగ్గితే ఎరుపు.

ఆమని ఎప్పుడూ పచ్చే. ఆమె వేళ్ళ గాలికి పక్క సీటు మీది కాగితాలు ఎగిరిపోయేవని, అందుకే ఆ సీటు సాయిచంద్ వాటి మీద టిఫిన్ డబ్బా బరువు పెట్టుకునేవాడని చెబుతారు. గాలి సంగతి సగం నమ్ముతాను. డబ్బా సంగతి నిజం.

సోమవారం పొద్దున పది దాటాక ఆమని బాత్రూములో చేతులు ఆరబెట్టే యంత్రం కింద కుడిచెయ్యి పెట్టి నిలబడి ఉంది. యంత్రం వేడిగాలి ఊది ఆగిపోతోంది. ఆమె చెయ్యి తీసి మళ్ళీ పెడుతోంది. అది మళ్ళీ ఊదుతోంది. గచ్చు తుడవడానికి వచ్చిన నీలమ్మ కర్ర మీద గడ్డం ఆనించి కాసేపు చూసింది.

"ఏందమ్మా, గా చెయ్యి ఇంక ఆరలేదా? ఇంతసేపట్ల దుప్పటైనా ఆరుతుండె."

"తిమ్మిరెక్కింది నీలమ్మా. వేడి తగిలితే కాస్త దిగుతుంది."

నీలమ్మ రబ్బరు తొడుగు ఊడదీసి, తన చెయ్యి చీరకి తుడుచుకుని, ఆమె మణికట్టు పట్టుకుంది. బొటనవేలు నొక్కింది. చూపుడు వేలు నొక్కింది. "ఎరుకైతున్నదా?"

"ఎవరి వేలో నొక్కుతున్నట్టుంది."

"వావిలాకు మరగబెట్టి కాపడం పెట్టు. మా మామకు గిట్లనే అయితే అదే పెట్టిండ్రు. ఇదే జాగల జొన్నలు కోసెటోడు ఆయన. గా లిఫ్టు ఉన్నకాడ."

"తగ్గిందా?"

"తగ్గకేమి. భూమి అమ్మినంక కోసేది లేకపాయె. చెయ్యి దానంతట అదే సక్కగైంది."

నీలమ్మ నవ్వి బకెట్ జరుపుకుంది. ఆమని కూడా నవ్వింది. నవ్వుతూ తలుపు పిడి కుడిచేత్తో తిప్పబోయి, తిరక్క, ఎడంచేత్తో తిప్పుకుని బయటికి వచ్చింది.

డాక్టరు రాసిచ్చిన కాగితం ఆమె బ్యాగులో ఉంది. మణికట్టులో నరం నలుగుతోందని, చేతులు దగ్గరగా పెట్టి మణికట్లు వంచి కొట్టడం మానాలని, మానకపోతే కొయ్యాల్సి వస్తుందని అందులో ఉంది. కింద ఆయనే పెన్నుతో ఒక కీబోర్డు బొమ్మ గీసి, దాన్ని మధ్యలోకి రెండు ముక్కలు చేసి, రెండు చేతులూ ఎడంగా వేశాడు. ఆ చేతులకి ఆరేసి వేళ్ళున్నాయి. డాక్టర్లు తొందరలో ఉంటారు.

టీమ్ లీడ్ రవికిరణ్ కాగితం రెండుసార్లు చదివాడు. అతని కుర్చీ వెనక గోడ మీద 'మీ ఆరోగ్యమే మా ఆస్తి' అని రాసి, నిటారుగా కూర్చున్న ఒకమ్మాయి బొమ్మ అంటించి ఉంది.

"పెట్టుకోండి ఆమని గారూ, నేనెందుకు కాదంటాను. కాకపోతే మీరే తెచ్చుకోవాలండి. కంపెనీ కొనిచ్చేది పర్మనెంట్ వాళ్ళకే."

"తెచ్చుకుంటానండి."

"ఇంకో సంగతి. శుక్రవారం మూడింటికి కాంట్రాక్ట్ వాళ్ళ లిస్టు పైకి వెళ్ళిపోతుంది. ఈ వారం ఆవరేజ్ చూసే కంటిన్యూ చేస్తారు. పచ్చలో ఉన్నవాళ్ళు ఉంటారు."

"అయితే వచ్చే వారం మార్చుకోమంటారా?"

రవికిరణ్ కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. ఆమని బల్ల మీది కాగితాన్ని తీసుకోబోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అది చిక్కలేదు. మళ్ళీ పట్టింది, జారింది. మూడోసారి అరచేత్తో బల్ల అంచు దాకా లాక్కుని అక్కడ అందుకుంది. రవికిరణ్ అంతా చూసి, ఫోన్లో ఏదో వచ్చినట్టు ఫోను చూసుకున్నాడు.

"మీ ఇష్టమండి," అన్నాడు. "చెయ్యి మీది."

నల్లగండ్లలో ఆమని వాళ్ళ అద్దింట్లో తలుపు పక్కన మేకుకి రెండు ఐడీ కార్డులు వేలాడేవి. వాటిలో భర్తది, ఆయన కంపెనీ మూతపడ్డాక, రెండు నెలలుగా మేకు దిగలేదు. పొద్దున్నే మేకు దిగేది ఆమె కార్డొక్కటే.

సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా కొండాపూర్ సందులో ఉన్న పట్టాభిరామయ్య కొట్టుకి వెళ్ళింది. కొట్టు ఎంత ఇరుకంటే, కొనేవాళ్ళు లోపలికి వస్తే అమ్మేవాళ్ళు ఊపిరి బిగపట్టాలి. పట్టాభిరామయ్య డెబ్బై ఏళ్ళ మనిషి. ఒక్కో మీట సందులోంచి పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము తీస్తున్నాడు. కాగితం చూసి, డాక్టరు వేసిన ఆరు వేళ్ళు లెక్కపెట్టి, మూడు కీబోర్డులు బల్ల మీద పరిచాడు.

మొదటిది ఒకే ముక్క, నడుమ పొట్ట ఉబ్బినట్టు వంగి ఉంది. రెండోది విడివిడిగా రెండు ముక్కలు, మధ్యన ఒక వైరు. మూడోదీ రెండు ముక్కలే గాని మీటలు గుంటల్లో ఉన్నాయి, గుంతపొంగణాల పెనం లాగా.

"కూర్చోండమ్మా. భుజాలు వదిలెయ్యండి. చేతులు ఎక్కడ పడితే అక్కడే కీబోర్డు ఉండాలి. మనం దాని దగ్గరికి పోకూడదు."

పొట్టది చూసింది, కాస్త నయం. గుంటలది చూసింది, వేళ్ళు బావిలో పడ్డట్టయింది. రెండోదాని రెండు ముక్కల్నీ పట్టాభిరామయ్య ఆమె భుజాల ఎడానికి జరిపాడు. చేతులు వాటి మీద పడ్డాయి. మణికట్లు తిన్నగా నిలిచాయి. ఆమని కదలకుండా కూర్చుంది. కాసేపటికి బొటనవేలు తనదే అనిపించింది.

"నంబర్లకి వేరే మీటలు లేవు దీనికి," అన్నాడాయన.

"పై వరసలోనే కొడతానండి, అలవాటే."

"ఏదైనా కొట్టి చూడండి మరి."

కొత్త పెన్ను కొంటే మనవాళ్ళు ఏం రాసి చూస్తారు? ఆమని కూడా అదే రాసింది. ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీరామ అని కొట్టింది. తర్వాత తన పేరు కొట్టింది. తర్వాత నల్లగండ్ల అని కొట్టింది. మూడూ పూలు రాలినట్టు పడ్డాయి. పెన్ను కొని కరెంటు బిల్లు నంబరు రాసి చూసేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి. కానీ ఆ మూడు మాటల్లోనూ లేని అక్షరం ఒకటుంది. అది ఆమె చూడలేదు, పట్టాభిరామయ్య చూడలేదు. రాముడు చూశాడేమో, చెప్పలేదు.

"అలవాటు పడ్డానికి ఎన్నాళ్ళు పడుతుందండి?"

"వేలిని బట్టమ్మా. నాలుగు రోజులు పట్టినవాళ్ళున్నారు, నెల పట్టినవాళ్ళున్నారు. నెమ్మదిగా కొట్టేవాళ్ళకి తొందరగా వస్తుంది. మీలా వేగంగా కొట్టేవాళ్ళకే కష్టం."

"అదేమిటండి?"

"నెమ్మదివాళ్ళు కళ్ళతో కొడతారు. మీ వేళ్ళకి వాటి బుర్ర వాటికుంది. అవి మీ మాట వినవు. పోనీ ఆ పొట్టది తీసుకోండి. చేతికి సగం సుఖం, వేళ్ళకి సగం కష్టం."

ఆమని మళ్ళీ రెండు ముక్కల మీద చేతులు పెట్టింది. తీసింది. తీయగానే చేతిలో చీమలు పాకినట్టు తిమ్మిరి మొదలైంది. మళ్ళీ పెట్టింది.

"ఇదే ఇవ్వండి," అంది.

మంగళవారం పొద్దున దాన్ని బల్ల మీద పెట్టగానే సాయిచంద్ కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు.

"ఏందక్కా, అన్నదమ్ములు పాలు పంచుకున్నట్టున్నది. నడిమిట్ల జాగ ఎవరికొచ్చింది?"

"నీకే. అక్కడ నీ టిఫిన్ డబ్బా పెట్టుకో."

మొదటి బిల్లు తెర మీదికి వచ్చింది. అక్కడ ఏ బిల్లు నంబరైనా బి అక్షరంతోనే మొదలవుతుంది. ఆమని కుడి చూపుడువేలు ఎడమకి సాగి కిందికి దిగింది. టక్ మంది. తెర మీద ఏమీ పడలేదు.

వేలు బల్లని కొట్టింది.

చూస్తే బి ఎడమ ముక్క మీద ఉంది. పదిహేనేళ్ళుగా ఆమె దాన్ని కుడి వేలితో కొడుతోంది. అలా కొట్టమని ఎవరూ నేర్పలేదు, కూడదని ఎవరూ అనలేదు. మామూలు కీబోర్డులో బి నట్టనడుమ ఉంటుంది, ఏ చెయ్యి వచ్చినా ఒప్పుకుంటుంది. ఇక్కడ అది గోడ అవతలి ఇంటికి వెళ్ళిపోయింది.

ఎడమ వేలితో వెతుక్కుని కొట్టింది. మిగతావన్నీ గలగలా పడ్డాయి. రెండో బిల్లు వచ్చింది. టక్. మూడోది. టక్. ఎన్ని బిల్లులో అన్ని టక్కులు. పదకొండింటికి ఆమె పేరు పసుపయింది. రెండింటికి ఎరుపయింది. ఆ అంతస్తులో ఆమె పేరు ఎరుపు కావడం అంతకుముందు ఎవరూ చూడలేదు కాబట్టి టీవీయే పాడయిందనుకుని ఒకతను లేచి దాని వెనక వైరు కదిలించి వచ్చాడు. సాయంత్రానికి బల్ల మీద గుంట పడిందని, అందులో చిన్న టీ పోసుకుని తాగానని సాయిచంద్ పందెం కాసి చెప్పాడు. ఆమని నవ్వలేదు. వేలి కొస ఎర్రబడింది.

బుధవారం ఆ వేలికి ప్లాస్టర్ చుట్టుకొచ్చింది. అది సాయిచంద్ సలహానే. "గట్టిగ సుట్టు అక్కా, లేవకుంటది." ప్లాస్టర్ ఉన్న వేలు బి జోలికి పోలేదు, నిజమే. తను కొట్టాల్సినవీ మెల్లగా కొట్టింది. రోజంతా ఎరుపే.

కానీ ఆ మధ్యాహ్నం ఒకటి జరిగింది. సాయిచంద్ వాళ్ళమ్మ పంపిన చింతకాయ తొక్కు సీసా మూత రాలేదు. ముగ్గురు మగవాళ్ళు పట్టారు, రాలేదు. ఒకతను చొక్కా అంచుతో పట్టాడు, చొక్కా చిరిగింది కాని మూత రాలేదు. సీసా చేతులు మారి ఆమని ముందుకు వచ్చింది. ఏదో ఆలోచిస్తూ తిప్పింది. టప్ మని వచ్చింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమని మూతని చూసింది. అది కుడిచేతిలోనే ఉంది.

గురువారం పొద్దున కూతురు భానుశ్రీకి రెండు జడలు వేసింది. రిబ్బన్లు జారలేదు. ముడి మీద ముడి వేసింది.

"అమ్మా, ఇవాళ గట్టిగా వేశావు. కళ్ళు పైకి పోతున్నాయి."

"పోనీలే, నిద్ర రాకుండా ఉంటుంది."

పిల్ల వీధి మలుపు తిరిగేదాకా ఆమని గుమ్మంలో నిలబడి పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉంది. చీమలు లేవు. ఒక్కటి కూడా లేదు. ఆ రోజు ఆఫీసులో ప్లాస్టర్ తీసేసింది. మధ్యాహ్నానికి ఎడమ వేలు పదింటిలో ఆరుసార్లు బి దగ్గరికి దానంతట అదే వెళ్ళింది. ఐదింటికి పేరు ఎరుపులోంచి పసుపులోకి ఎక్కింది. సాయిచంద్ తన కుర్చీ చక్రాల మీద ఒక చుట్టు తిరిగాడు.

శుక్రవారం పది గంటలకి రవికిరణ్ వచ్చాడు. చంకలో పాత కీబోర్డు ఉంది. ముఖం పసుపుకీ ఎరుపుకీ మధ్యన ఉంది.

"ఆమని గారూ, లెక్క చూశాను. ఇలాగే వెళితే లిస్టులో రారండి."

"ఇప్పుడిప్పుడే వస్తోందండి. నిన్న చూశారు కదా."

"చూశాను. సోమవారానికి మీరు మళ్ళీ పచ్చలోనే ఉంటారు, నాకు తెలుసు. కానీ లిస్టు ఇవాళ." గొంతు తగ్గించాడు. "ఐదు గంటలు. మీ పాత స్పీడ్‌తో ఐదు గంటలు కొడితే ఆవరేజ్ పైకి లాగొచ్చు. పేరు పంపేశాక మీ ముక్కలు మీరు పెట్టుకోండి."

ఆమని ఏమీ అనకముందే అతను బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఇస్త్రీ ప్యాంటుకి దుమ్మంటుకుంటున్నా లెక్కచెయ్యకుండా, ఒక వైరు పీకి ఇంకో వైరు గుచ్చాడు. పైకి లేచి పాత కీబోర్డుని తన చేతిరుమాలుతో తుడిచి ఆమె ముందుకు జరిపాడు. మంచివాడు. చెడ్డవాడైతే ఆమెకి తిట్టుకోవడానికైనా ఒకడు ఉండేవాడు.

ఆమని చేతులు దగ్గరకు తెచ్చింది. మణికట్లు వాటంతట అవే వంగాయి. మొదటి బిల్లు వచ్చింది.

కుడి వేలు వెళ్ళింది. ఎడమ వేలూ వెళ్ళింది. తెర మీద రెండు బి లు పడ్డాయి.

ఒకటి చెరిపేసింది. తర్వాతి బిల్లుకీ రెండే. తర్వాతిదానికి గట్టిగా అనుకుని కూర్చుంది, ఒక్క వేలే వెళ్ళాలని. ఈసారి ఏదీ వెళ్ళలేదు. పెళ్ళింటి గుమ్మంలో ఇద్దరు బావగార్లు 'తమరు ముందు' అంటే 'తమరు ముందు' అనుకుంటూ నిలబడిపోయినట్టు రెండు వేళ్ళూ గాల్లో ఆగాయి. వాళ్ళ వెనక మిగతా ఎనిమిది వేళ్ళు, చుట్టాల్లాగా, ఎదురుచూస్తున్నాయి.

చూసి కొట్టింది. చూస్తే వేగం లేదు. చూడకపోతే రెండు బి లు. ఒక బిల్లు అలాగే పంపేస్తే తప్పని వెనక్కి వచ్చి, దాని లెక్క కూడా తగ్గింది. పన్నెండింటికి బొటనవేలి దగ్గర మొదటి చీమ పాకింది. పన్నెండున్నరకి తనే బల్ల కిందికి వంగి వైర్లు మార్చి రెండు ముక్కలు మళ్ళీ పెట్టుకుంది. చేతులు ఎడంగా పెట్టింది. టక్.

కుడి వేలు బల్లని కొట్టింది. మంగళవారం కొట్టినట్టే.

రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదన్నమాట. నేనైతే అక్కడే కీబోర్డుని నెత్తికేసి కొట్టుకునేవాణ్ణి. ఆమె అలాంటిదేమీ చెయ్యలేదు. మూడింటి దాకా కొడుతూనే ఉంది. టక్ మన్నప్పుడల్లా ఆగి, ఎడమ వేలితో బి వెతుక్కుని, ముందుకి వెళ్ళింది. పక్కన సాయిచంద్ మీటల చప్పుడు వినబడకుండా మెల్లగా కొట్టుకున్నాడు.

మూడు దాటి పది నిమిషాలకి టీవీలో ఆమని పేరు పోయింది. ఎరుపయి కాదు, అసలు లేకుండా పోయింది. దాని కింద ఉన్న పేర్లన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. సాయిచంద్ పేరు కూడా జరిగింది. అతను తల దించుకుని కాగితాల మీంచి టిఫిన్ డబ్బా తీసి బ్యాగులో పెట్టుకున్నాడు.

ఏదో కాగితం మీద సంతకం కోసం ఆమెని గంటసేపు ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. తర్వాత రవికిరణ్ వచ్చాడు.

"నెక్స్ట్ క్వార్టర్‌లో చూద్దామండి. నేను మీ పేరు మళ్ళీ పంపిస్తాను."

"అలాగేనండి."

"కార్డు... ఇచ్చేయాలండి."

ఆమె మెడలోంచి పట్టీ తీసి, కార్డు క్లిప్పు నొక్కింది. నెల రోజులుగా ఆ క్లిప్పు ఆమెకి లొంగలేదు. ఒక్క నొక్కుకే ఊడింది. గంటసేపు ఒళ్ళో ఊరికే ఉన్న చెయ్యి.

లిఫ్టు దగ్గర నీలమ్మ ఉంది. ఆమని మెడ చూసింది, చేతిలో సంచి చూసింది.

"చెయ్యెట్లున్నదమ్మా?"

"బాగుంది నీలమ్మా."

నీలమ్మ తడిచేత్తో మీట నొక్కకూడదని మోచేత్తో నొక్కింది. లిఫ్టు వచ్చేదాకా ఇద్దరూ దాని అంకెలు చూస్తూ నిలబడ్డారు.

కింద గేటు దగ్గర సెక్యూరిటీ పెంటయ్య సంచి తెరిపించాడు. సొంత సామాను లోపలికి తెచ్చినప్పుడు గేటులో రాసిచ్చిన చిట్టీ ఆమె చేతిలో ఉంది. పెంటయ్య చిట్టీ చూశాడు, సంచిలోకి చూశాడు, మళ్ళీ చిట్టీ చూశాడు.

"మేడం, ఇండ్ల కీబోర్డు ఒకటి అని ఉన్నది. సంచిల రెండున్నయ్."

"రెండూ కలిపి ఒకటేనండి."

"కలిపి ఉంటే ఒకటే అంటుంటి. ఇవి ఇడిగ ఉన్నయ్ గద."

ఆమని రెండు ముక్కలూ తీసి అతని రిజిస్టరు పక్కన పెట్టి దగ్గరకు జరిపింది. అంచులు తగిలాయి. పెంటయ్య వంగి, ఒక కన్ను మూసి చూసి, గోరు దూర్చాడు.

"సందున్నది."

"మంగళవారం మీరే కదండీ రాశారు, ఒకటని."

"నేనే రాసిన. అప్పుడు డబ్బల ఉండె. డబ్బ ఒకటే."

"ఈ వైరుతో కలుస్తాయండి ఇవి. చూడండి."

"కలుస్తయ్ మేడం, నేను లేదన్లే. గాని రెండోదానికి మీ సార్ సంతకం పట్టుకరావాలె. నాదీ కాంట్రాక్టు నౌకరే. నా పానం తీస్తరు."

ఆమని వెనక్కి తిరిగి చూసింది. లోపలికి వెళ్ళే అడ్డుకమ్మీ ఎర్రదీపంతో నిలబడి ఉంది. కార్డు చూపిస్తే తెరుచుకుంటుంది. ఆమె చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి వెళ్ళి, అక్కడేమీ దొరక్క, చున్నీ సర్దుకుని దిగింది. వెనక వరస పెరుగుతోంది. ఎవరో హారన్ కొట్టారు. ఆమె రెండు ముక్కల మీదా చెరో చెయ్యి వేసి, భుజాల ఎడాన, మణికట్లు తిన్నగా, అలాగే నిలబడింది.

ఆమె వెనక, పై అంతస్తుకి బిర్యానీ ఇచ్చి వెళ్ళిపోతున్న డెలివరీ ఆయన హెల్మెట్ తియ్యకుండానే ముందుకు వంగి, రెండు ముక్కల్నీ చూసి, ఇంత సులువైనది ఎవరికీ తోచలేదేమని జాలిపడ్డట్టు అన్నాడు.

"గింత దానికి పరేషాన్ ఎందుకక్కా, ఒక ముక్క ఇయ్యాల తీస్కపో. ఇంకో ముక్క సోమవారం డ్యూటీకి వచ్చినప్పుడు తీస్కపో."